వెండి అక్క, పసుపు చెల్లెలు

కారు ఖరీదెంతని అడిగేవాళ్ళు వందమంది ఉంటారు. దాన్ని ఉంచుకోవడానికి ఏడాదికెంతవుతుందని అడిగేది మాత్రం, ఇంటి పద్దు రాసే ఇల్లాలు తప్ప మరొకరు కనబడరు. చరిత్ర పుస్తకాలూ అంతే. ఫలానా రాజావారు ఫలానా ఏట ఇన్ని కార్లు తెప్పించారని రాస్తాయి. ఆ తరవాత వాటికి టైర్లెవరు మార్చారు, నూనె ఎవరు పోశారు, పాడయితే ఎవరు బాగుచేశారు, ఆ డబ్బెంత అన్న సంగతి దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోతుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈవేళ ఆ అంకుశం లెక్కే కాస్త చూద్దాం.

అందుకు ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ చెప్పుకోవాలి. ఇద్దరిదీ ఇంగ్లండులో ఒకే పుట్టిల్లు. అక్క 1907లో పుట్టింది. చెల్లెలు ఆ తరవాత నాలుగైదేళ్ళకు. అక్కది వెండిరంగు, చెల్లెలిది పసుపుపచ్చ. ఒకరిని పనీపాటా ఉన్న ఇంటికిచ్చారు, రెండోవారిని రాజుగారి కోటకిచ్చారు. కంగారు పడకండి, ఇద్దరూ కార్లే. రోల్స్‌రాయిస్ కంపెనీ వారి 'సిల్వర్ ఘోస్ట్' రకం కార్లు.

ఆ పుట్టింటి సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. రోల్స్ అనే ఆయన ప్రభువుల బిడ్డ. రాయిస్ అనే ఆయన చిన్నప్పుడు వీధుల్లో పేపర్లమ్మి పైకొచ్చినవాడు. మాంచెస్టరులో కరెంటు సామాన్ల కర్మాగారం నడుపుకొంటూ ఒక ఫ్రెంచి కారు కొన్నాడు రాయిస్. కొత్తది కాదు, ఒకరు వాడినదే. దాని పనితనం ఆయనకేమీ నచ్చలేదు. విప్పి చూశాడు, సరిచేశాడు, చివరికి ఇంతకంటె మంచిది నేనే చెయ్యగలనని మొదలుపెట్టాడు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన కార్ల వంశం ఒక సెకండ్‌హాండు బండి తెచ్చిన విసుగులోంచి పుట్టిందంటే నాకైతే ముచ్చటేస్తుంది. 1904లో రోల్సూ రాయిసూ కలుసుకొన్నారు. 1906లో కంపెనీ వెలిసింది.

ఇక అక్క సంగతి. ఆ రోజుల్లో మోటారుకారు అంటే జనానికి నమ్మకం లేదు. బయలుదేరిన కారు ఇంటికి తిరిగొస్తుందో, ఎద్దులబండి వెనక కట్టించుకు రావలసొస్తుందో చెప్పలేని కాలం. అందుచేత కంపెనీవారు 1907లో ఒక సాహసం చేశారు. వెండిరంగు వేసి, వెండిపూత పూసిన సామాను బిగించిన కారు నొకదాన్ని తీసి, లండన్‌కూ గ్లాస్గోకూ మధ్య రాత్రింబగళ్ళు తిప్పడం మొదలెట్టారు. ఆదివారాలు మాత్రం సెలవు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు వారి మనిషి పక్కనే కూర్చుని కనిపెట్టి చూస్తూండాలి. ప్రయాణం మొదట్లోనే, 629వ మైలు దగ్గర, కుదుపులకు పెట్రోలు కుళాయి తనంత తానే కట్టుకుపోయి ఒక్క నిమిషంపాటు కారు ఆగింది. అంతే. అక్కడినుంచి 14,371 మైళ్ళు మధ్యలో చెడి ఆగిందంటూ లేకుండా పరుగెత్తింది.

నాకు ఇష్టమైన భాగం ఆ తరవాతది. మొత్తం 15,000 మైళ్ళు పూర్తి కాగానే క్లబ్బువారు ఆ కారును ఊడదీసి ముక్కలు ముక్కలుగా బల్లమీద పరిచారు. పెళ్ళయి ఇల్లు ఖాళీ అయ్యాక వంటపాత్రలన్నీ పెరట్లో బోర్లించి ఏది సొట్టపోయింది, ఏది చిల్లుపడింది అని చూస్తామే, అలాగన్నమాట. ఒక్కొక్క ముక్కనూ కొలిచి, ఏ మాత్రం అరిగినా కొత్తది వేయించి, కారును మళ్ళీ సరికొత్తదానిలా చెయ్యడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టారు. వచ్చిన మొత్తం రెండు పౌన్ల రెండు షిల్లింగుల ఏడు పెన్నీలు!

ఆ పౌన్లు మనకు బోధపడేలా మార్చుకుందాం. అప్పట్లో పౌనుకు పదిహేను రూపాయలు. అంటే సుమారు ముప్ఫై రెండు రూపాయలు. ఇంకా తేలికైన లెక్క మన చేతిలోనే ఉంది. ఆ కాలపు పౌనంటే బంగారునాణెం. మనం కాసు బంగారం అంటామే, ఆ ఎనిమిది గ్రాముల తూకం ఆ నాణేనిదే. కాబట్టి పదిహేను వేల మైళ్ళు తిరిగిన కారుకు పడిన మరమ్మతు ఖర్చు రెండు కాసులూ, పైన గ్రాము బంగారం. మరి కారు ఖరీదో? పైన కూర్చునే డబ్బా లేకుండా, ఇంజనూ చక్రాలూ ఉన్న ఒట్టి చట్రానికే 985 పౌన్లు. తొమ్మిది వందల ఎనభై అయిదు కాసులు! ఆ రోజుల్లో కంపెనీ చట్రమే అమ్మేది. దానిపై డబ్బా వేరే వడ్రంగి కంపెనీలో కట్టించుకోవాలి. నగల షాపులో బంగారం ధర వేరు, మజూరీ వేరు అన్నట్టు.

అయితే ఇందులో ఒక కిటుకుంది. ఆ రెండు కాసులూ అరిగిన ముక్కల ఖర్చు మాత్రమే. టైర్లకయిన ఖర్చు దానికి ఎన్నో రెట్లు. అప్పటి టైర్లు కొన్ని వేల మైళ్ళు తిరిగేసరికి చెప్పు అడుగుల్లా అరిగిపోయేవి. పైగా, ఆ కారు అంత శుభ్రంగా పనిచేసిందంటే దాని వెనక ఒక మనిషి రోజూ దాన్ని కనిపెట్టుకు ఉండటమే కారణం. సిల్వర్ ఘోస్టును నడపాలంటే తాళంచెవి తిప్పితే చాలదు. ముందు చేతిపంపు కొట్టి పెట్రోలు ట్యాంకులోకి గాలి ఎక్కించాలి. ఆనక కారు ముక్కు దగ్గర నిలబడి హేండిలు తిప్పాలి. కీలు కీలుకూ చేత్తో నూనె పెట్టాలి. అన్నట్టు, 'షోఫర్' అన్న ఫ్రెంచి మాటకు అసలు అర్థం బండి తోలేవాడని కాదట, నిప్పు రాజేసేవాడని! ఆవిరియంత్రాల కాలంనాటి పేరు అలా నిలిచిపోయింది. రోల్స్‌రాయిస్ వారు షోఫర్లకోసం ఒక బడి కూడా పెట్టారు. యజమాని కారు కొంటే సరిపోదు, నడిపే మనిషికి చదువు చెప్పించాలని వాళ్ళకు తెలుసు.

1908లో కంపెనీవారు అక్కను అమ్మేశారు. కొన్నవారు దాన్ని అద్దాల బీరువాలో పెట్టలేదు. చక్కగా దశాబ్దాల తరబడి వాడుకొన్నారు. నలభై ఏళ్ళ తరవాత, 1948లో, అది పుట్టింటికి తిరిగొచ్చింది. మొత్తం మీద అయిదు లక్షల మైళ్ళకు పైగా తిరిగిందని లెక్క. చంద్రుడి దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చేపాటి దూరం.

ఇక చెల్లెలు.

హైదరాబాదును ఏలిన ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా గారి దర్జా ఇంతా అంతా కాదు. కట్టిన బట్ట మళ్ళీ కట్టేవారు కాదని ఇప్పటికీ చెప్పుకొంటారు. ఆయన బట్టల బీరువాలు పురానీ హవేలీలో వరసగా వీధంత పొడవున ఉంటాయి, వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. ఆయనగారు 1911లో ఒక సిల్వర్ ఘోస్టుకు ఆర్డరిచ్చారు. లండన్‌లోని బార్కర్ కంపెనీవారు దానిపై డబ్బా కట్టారు. కారంతా పసుపుపచ్చ. పైన గోపురంలా లేచిన కప్పు. వెనక మామూలు సీటు కాదు, ఎత్తుగా అమర్చిన సింహాసనం. లోపల జలతారు పట్టు, అక్కడక్కడా బంగారు తాపడం. అందుకే దానికి 'సింహాసనం కారు' అని పేరొచ్చింది. వీధివెంట వెళుతూంటే జనానికి ప్రభువుగారు కనబడాలి, అదీ ఏర్పాటు.

కాని ముచ్చట తీరలేదు. 1911 ఆగస్టులోనే మహబూబ్ అలీ గారు పోయారు. కారు తయారై హైదరాబాదు చేరేసరికి గద్దెమీద కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నారు. తండ్రి ఎంత చేయి జారవిడిచే మనిషో కొడుకు అంత పిడికిలి బిగించే మనిషి. 1937లో 'టైమ్' పత్రిక ఈయన బొమ్మను ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడంది. అంతటి ధనవంతుడూ తిరిగింది ఒక పాత డొక్కు కారులో. సింహాసనం కారు బయటికొచ్చింది ఎప్పుడో పండగకీ పబ్బానికీ.

ఇక్కడొక కథ చెబుతారు. రాజుగారొకరు రోల్స్‌రాయిస్ షాపుకు మామూలు దుస్తుల్లో వెళితే గుమాస్తా చిన్నచూపు చూశాడట. రాజుగారికి కోపం వచ్చి, కార్లన్నీ కొనేసి ఊళ్ళో చెత్త ఎత్తించడానికి పెట్టారట. ఆ రాజు నిజామేనని మన వైపు అంటారు. అల్వారు మహారాజని రాజస్థానంలో అంటారు. పటియాలా వారని ఇంకొకరు. ఒకే కథను ముగ్గురు రాజుల మెడకు కట్టారంటే నా మట్టుకు నాకు దానిమీద నమ్మకం లేదు. పైగా తొమ్మిది వందల కాసుల బండిలో చెత్త ఎత్తే మనిషైతే, డొక్కు కారులో తిరుగుతాడా చెప్పండి.

అసలు విషయానికొస్తాను. వాడకుండా ఉంచితే వస్తువు నిలుస్తుందని మనలో చాలామందికి ఒక భ్రమ. పెళ్ళినాటి బనారసు చీరను బీరువాలో పదేళ్ళు మడత విప్పకుండా ఉంచి చూడండి. కట్టుకొన్న చీర మాయవచ్చు, కట్టని చీర మడత దగ్గర పుటుక్కున పిగులుతుంది. కారు కూడా అంతే. ట్యాంకులో మిగిలిన పెట్రోలు కాలం గడిచేకొద్దీ జిగురులా మారి సన్నటి దారులన్నీ మూసేస్తుంది. ఇంజను చుట్టూ నిలిచిన నీళ్ళు ఇనుమును తినేస్తాయి. నూనె పైపూత కిందికి దిగిపోతే ముక్కలు ఒకదాన్నొకటి పట్టేసి కదలవు. టైరు నిలబడ్డచోటే చదునై రబ్బరు పగులుతుంది. ఎలుకలకు వైర్లూ, చిమ్మటలకు పట్టూ దొరుకుతాయి. తిరిగిన కారుకు అరిగిన ముక్క మారిస్తే సరిపోతుంది. నిలిచిపోయిన కారుకు ఏ ముక్క బాగుందో వెతుక్కోవాలి. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు గాని, కారు విషయంలో చచ్చినదానికే ఖర్చెక్కువ.

మరొకటి కూడా ఉంది. ఖరీదైన కారు పాతబడేకొద్దీ దాని ధర పడిపోతుంది. దాని ముక్కల ధర మాత్రం పడదు. పాత కారుకైనా కొత్త గేరు కావాలంటే కొత్త గేరు ధరే ఇవ్వాలి. అది సముద్రం దాటి రావాలంటే ఓడ కిరాయి, పన్నూ అదనం. ఈవేళ జూబిలీహిల్సులో చవగ్గా వచ్చిందని విదేశీ కారు సెకండ్‌హాండులో కొనుక్కొని, మొదటి సర్వీసింగు బిల్లు చూసి గతుక్కుమనేవాళ్ళకు నిజాం కోటలో పెద్దన్నలున్నారన్నమాట.

ఉస్మాన్ అలీ గారు 1967 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 1948లో రాజ్యం పోయాక భారత ప్రభుత్వం ఆయనకు ఏటా ఇచ్చిన రాజభరణం 42,85,714 రూపాయలు. ఈ బేసి అంకె ఎక్కడిదంటారా? హైదరాబాదు సిక్కా రూపాయల్లో అది సరిగ్గా యాభై లక్షలు. ఏడు సిక్కా రూపాయలు ఆరు ఇండియా రూపాయలకు సమానం. కావాలంటే గుణించి చూడండి. మనవడికి వచ్చేసరికి ఆ భరణంలో బాగా కోతపడింది.

ఆ మనవడు ముకరం జా. తల్లి టర్కీ సుల్తానుల వంశపు చివరి ఖలీఫా కూతురు దుర్రె షెహ్వార్. తాతగారు కన్నకొడుకును పక్కనబెట్టి మనవడిని వారసుడిని చేశారు. 1967 ఏప్రిల్‌లో చౌమహల్లా కోటలో పట్టాభిషేకం జరిగింది. అప్పటికి ఆయన వయస్సు ముప్ఫై మూడు. చేతికి వచ్చిన సంసారం చూడండి. నౌకర్లూ ఆశ్రితులూ కలిపి 14,718 మంది. చౌమహల్లా ఒక్కదానిలోనే ఆరువేలమంది పనివాళ్ళు. తాగేనీళ్ళు తేవడానికే ఇరవై ఎనిమిదిమంది, దీపాల గుత్తులు తుడవడానికి ముప్ఫై ఎనిమిదిమంది. ఆక్రోటు పప్పు నూరడానికి వేరే మనుషులు.

మోటారుఖానా సంగతి వీటన్నిటికీ తలమానికం. అక్కడ అరవై కార్లున్నాయి. వాటి పెట్రోలుకూ విడిముక్కలకూ ఏడాదికి 45,000 పౌన్లు ఖర్చవుతూండేది. కాసుల లెక్క ఇక్కడ పనికిరాదు, అప్పటికి పౌను బంగారం కాదు, కాగితం. ఆనాటి మారకంలో ఎనిమిదీ తొమ్మిది లక్షల రూపాయలనుకోండి. మరి అరవైలో నడిచేవెన్ని? నాలుగు! పట్టాభిషేకం అయ్యాక కొత్త నిజాంగారిని విందుకు తీసుకువెళ్ళవలసిన కారు కూడా దారిలో ఆగిపోయింది.

ఒక్క క్షణం ఆగి ఈ పద్దును మన వంటింటి పద్దులా చదవండి. నాలుగు కార్లు ఏడాదిపాటు తిరిగితే ఎంత పెట్రోలు తాగుతాయి? తక్కిన యాభై ఆరూ ఏం తాగాయి? అక్కకు పదిహేనువేల మైళ్ళ తరవాత కొత్త ముక్కలకయింది రెండు పౌన్లు. ఇక్కడ ఏటేటా వేల పౌన్లు పోస్తున్నా బండి కదలదు. ఫలానావాడు తిన్నాడని నేననను. పద్నాలుగువేలమంది ఉన్న ఇంట్లో పద్దు సరిచూసే మనిషంటూ ఒకరు లేనప్పుడు, తినడానికి ప్రత్యేకంగా దొంగ అక్కర్లేదు. బిల్లు వస్తుంది, ఎవరో సంతకం పెడతారు, డబ్బు వెళ్ళిపోతుంది. కారు బోనెట్టు ఎత్తి చూసినవాడెవడు? చాకలిపద్దు రాసుకొని, వచ్చిన గుడ్డలు లెక్కపెట్టుకొనే ఇల్లాలిని అక్కడ కూర్చోబెడితే మొదటి నెలలోనే తేల్చేసేది.

విధి చమత్కారం ఏమంటే, ఆ అరవై కార్లకు వారసుడైన ముకరం జా స్వయంగా మంచి మెకానిక్. చిన్ననాటినుంచీ ఇంజన్లంటే పిచ్చి. హారోలో చదివినా, కేంబ్రిడ్జికి వెళ్ళినా, శాండ్‌హర్‌స్టులో మిలిటరీ శిక్షణ పొందినా ఆ పిచ్చి పోలేదు. రింగిస్పానరు పట్టుకొని కారు కింద దూరగల నిజాం వంశం మొత్తంలో ఆయన ఒక్కడే కాబోలు. ఒక్క కారైతే ఆయనే బాగుచేసుకొనేవాడు. అరవై కార్లు, వేలమంది నౌకర్లు, వాటా అడిగే బంధువులు, పన్నులవాళ్ళు, కోర్టు దావాలు. వీటికి స్పానరు ఎక్కడ దొరుకుతుంది?

1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆ ఏడే ఫిబ్రవరిలో రోల్స్‌రాయిస్ కంపెనీ కూడా దివాలా తీసింది. విమానాల ఇంజను ఒకటి తయారుచెయ్యబోయి అప్పుల్లో కూరుకుపోయింది. కొన్నవాళ్ళ కొంపా, అమ్మినవాళ్ళ కొంపా ఒకే ఏట మునిగాయన్నమాట. కంపెనీని బ్రిటిషు ప్రభుత్వం ఆదుకొంది. మన రాజులను ఆదుకొనే దిక్కు లేదు. ఎందరో కార్లు తెగనమ్ముకొన్నారు. అమ్ముడుపోనివి కోటల వెనక వేపచెట్ల కింద తుప్పుపట్టాయి.

ముకరం జా 1973లో ఆస్ట్రేలియా వెళ్ళి, పశ్చిమతీరాన మర్చిసన్ హౌస్ అనే పెద్ద గొర్రెల ఫారం కొన్నారు. అక్కడ నీలిరంగు మెకానిక్ బట్టలు తొడుక్కొని, ఇంజన్ల కింద పడుకొని, బుల్‌డోజర్లు తోలుకొంటూ హాయిగా ఉన్నారట. ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. ఇక్కడి ఆస్తులు దావాల్లో చిక్కి, అక్కడి ఫారం కూడా చేజారి, చివరికి టర్కీలో ఒక మామూలు ఫ్లాటుకు చేరారు. ఆయన కారు ఎక్కడ ఆగిపోయినా బాగుచేసుకోగలరు, పద్దు మాత్రం బాగుచేసుకోలేకపోయారు.

ఆ పని ఒక ఆడమనిషి చేసింది. ఆయన మొదటి భార్య, టర్కీ ఆడపడుచు ఎస్రా. విడాకులు పుచ్చుకొని ఏళ్ళు గడిచాక, 1990ల చివర్లో, ఆవిడ హైదరాబాదు తిరిగొచ్చారు. వకీలును వెంటబెట్టుకొని దావాలు ఒక్కొక్కటే పరిష్కరించారు. మూతబడ్డ గదుల తాళాలు తీయించి, వస్తువులకు పట్టీ రాయించి, చౌమహల్లాను బాగుచేయించారు. 2005లో జనానికి తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో వారి బహుమతి కూడా వచ్చింది. టికెట్టు డబ్బులతో కోట తన ఖర్చు తాను సంపాదించుకోవడం నేర్చుకొంది. అరవై కార్లూ ఉంచుకోవాలని ఆవిడ పంతం పట్టలేదు. పసుపుపచ్చ చెల్లెలికి మరమ్మతులు చేయించి, చక్కగా అలంకరించి కోటలో నిలబెట్టారు.

ముకరం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని హైదరాబాదు తెచ్చి, చౌమహల్లాలోనే జనం చూడటానికి ఉంచి, మక్కామసీదులో ఖననం చేశారు.

ఈసారి చార్మినారు వైపు వెళ్ళినప్పుడు పిల్లలను చౌమహల్లాకు తీసుకువెళ్ళండి. గాజులకు వెళుతూ దారిలో దిగవచ్చు, లాడ్‌బజారు పక్కనే. సింహాసనం కారు ఇంకా పసుపుపచ్చగా ధగధగలాడుతూనే ఉంది. నూరేళ్ళు దాటినా అది తిరిగిన దూరం నాలుగు వందల మైళ్ళకు లోపేనని చెబుతారు. లండన్‌లో బయలుదేరి ఉంటే ఇంకా గ్లాస్గో చేరి ఉండేది కాదు.